కండక్టర్ మంజునాథ్ ముందుపన్ను

తమిళనాడులోని ధర్మపురి నుంచి పెరియంపట్టి, కారిమంగళం, పాలక్కోడు మీదుగా మహేంద్రమంగళం పోయే వెంకటలక్ష్మి బస్సు ఎంత పాతదో, దాని కండక్టర్ అంత కొత్తవాడు. పేరు మంజునాథ్. ఇరవై దాటి నాలుగైదేళ్ళు. సన్నగా వెదురుబొంగులా ఉంటాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, మారండహళ్ళి సంతకు వచ్చే రైతులతో కన్నడం. ఏ భాషలో మొదలుపెట్టినా చివరికి నవ్వించే దిగనిస్తాడు. జనం ఎంత కిక్కిరిసినా "ఇంకొంచెం లోపలికి జరగండమ్మా, లోపల పెళ్ళిభోజనం పెడతా ఉండారు" అంటాడు. ఆ మాటకి జరగనివాళ్ళు కూడా జరుగుతారు.

మిగతా కండక్టర్ల మెడలో విజిల్ వేలాడుతుంది. ఇతని మెడలో ఏమీ ఉండదు. కింది పెదవిని ముందుపళ్ళకు ఆనించి ఊదితే చాలు, బస్సు ముందు కూర్చున్న డ్రైవర్ నంజప్పకు ఇంజను మోతలోనూ వినిపిస్తుంది. చిన్నప్పుడు తండ్రి జయరామ రాగిచేనులో పిట్టలు తోలమని మంచె ఎక్కించాడు. ఎంత అరిచినా పిట్టలు లేవలేదు, గొంతు మాత్రం పోయింది. అప్పుడు పట్టుబడింది ఈ ఈల. అదే ఇప్పుడు బతుకుతెరువులో భాగమైంది. ఆగడానికి ఒకటి, కదలడానికి రెండు అన్నది అన్ని బస్సుల పద్ధతి. మంజునాథ్ దానికి తోడు ఊరికో రాగం కట్టాడు. పెరియంపట్టికి పైకి లేచి విరిగే కూత, కారిమంగళానికి గుండ్రంగా తిరిగే కూత, పాలక్కోడు టమాట మండీ దగ్గర తొందరపెట్టే కూత. నిద్రపోయేవాళ్ళు ఆ రాగానికే లేచి, సంచులు సర్దుకొని దిగిపోయేవాళ్ళు.

అందరికంటే ఆ రాగాలు ఎక్కువ అక్కరైంది మాదేశన్‌కు. కళ్ళు లేవు. కుర్చీలకు బెత్తం అల్లుతాడు. పొద్దున ధర్మపురికి వచ్చి ఆఫీసుల కుర్చీలు బాగుచేసి, సాయంత్రం ఇదే బస్సులో పెరియంపట్టి పోతాడు. "ఎక్కడ దిగాల" అని అతను ఏనాడూ ఒకరిని అడిగింది లేదు. తన ఊరి కూత వినబడగానే కర్ర పట్టుకొని లేచి నిలబడేవాడు.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో ఒక ఉదయం కారిమంగళం దాటాక బస్సుకు అడ్డంగా ఒక దూడ చెంగున దూకింది. నంజప్ప బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. దూడకు ఏమీ కాలేదు. వెనక్కి తిరిగి టికెట్ ఇస్తున్న మంజునాథ్ మాత్రం ముందుకు విసిరినట్టు వచ్చి సీటు కమ్మీకి మూతి కొట్టుకున్నాడు. చేతిలోకి చూసుకుంటే రక్తం. నాలుకతో తడిమితే పైవరసలో ముందుపన్ను సగం లేదు.

నంజప్ప బస్సు ఆపి వచ్చి, నోరు తెరిపించి చూశాడు. విరిగిన చోట, సరిగ్గా నడిమధ్య, గుండుసూది తలంత ఎర్రటి చుక్క ఉంది.

"గాలి పీల్చరా" అన్నాడు.

మంజునాథ్ పీల్చాడు. పీల్చిన మరుక్షణం రెండు చేతులతో మూతి మూసుకొని కూలబడ్డాడు. పిడుగు ఒకటి పన్నులో పడి నెత్తిలోంచి పోయినట్టయింది.

ఆ రోజంతా అతను మూసిన నోరు తెరవలేదు. సైగలతోనే టికెట్లు ఇచ్చాడు. ఎప్పుడూ వాగే పిల్లవాడు మూతి బిగించి ఉండేసరికి తమ మీద కోపమొచ్చిందేమోనని ఒకరిద్దరు ముసలమ్మలు అడిగి మరీ క్షమించమన్నారు. నంజప్ప ఎక్కడినుంచో ఒక ఇనుప విజిల్ తెచ్చి అతని మెడలో వేశాడు. దాన్ని పెదవుల మధ్య పెట్టుకోవడానికి కూడా భయపడి, పక్క పళ్ళతో కరుచుకొని ఊదాడు. అన్ని ఊళ్ళకూ అది ఒక్కటే కూత కూసింది.

సాయంత్రం ట్రిప్పులో మాదేశన్ తన సీట్లో కూర్చునే ఉన్నాడు. పెరియంపట్టి వచ్చింది, పోయింది. నొప్పితో తల వేలాడేసుకున్న మంజునాథ్ అటు చూడనే లేదు. బస్సు కారిమంగళంలో ఆగాక మాదేశన్ నెమ్మదిగా అడిగాడు: "తంబీ, మా ఊరు ఇంకా రాలేదా?"

నంజప్ప ఎదురుగా వచ్చే బస్సును ఆపి, అతన్ని ఎక్కించి, ఎక్కడ దించాలో ఆ కండక్టర్‌కు చెప్పి పంపాడు. మాదేశన్ తప్పు పట్టలేదు. పైగా దిగుతూ మంజునాథ్ భుజం తడిమి, "పాపం, బాగా నొస్తా ఉండాదేమో" అన్నాడు. దెబ్బ తగిలినప్పుడు రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి మంజునాథ్‌కు.

ఇంటికి పోతే తల్లి సరసమ్మ లవంగం నూరి పెట్టబోయింది. అది తగలగానే కొడుకు ఎగిరి గంతేశాడు.

"పీకించి పారెయ్‌రా. మీ నాయనకి నాలుగు పండ్లు పీకినారు. ఏమైపోయినాడు? రాగి సంగటి తింటానే ఉండాడు కదా" అంది.

"సంగటి తినేదానికి పన్నెందుకుమా? ఈల వేసేదానికి కావల్ల" అన్నాడు మంజునాథ్, చెయ్యి అడ్డం పెట్టుకొని.

మర్నాడు నంజప్ప ట్రిప్పు ఇంకొకరికి అప్పగించి అతన్ని ధర్మపురి తీసుకుపోయాడు. బస్టాండు వెనక వీధిలో ఒక కల్యాణమండపం, దాన్ని ఆనుకొని ఒక మేడ. మేడ మీద రెండే గదులు. ఒకటి రక్తపరీక్షల ల్యాబు, ఒకటి కొత్తగా పెట్టిన పళ్ళ ఆసుపత్రి. డాక్టర్ పేరు నందిత. బెంగుళూరులో పై చదువు ముగించి వచ్చి ఏడాది కాలేదు. ఆమె తమిళంలో అడగడం, మంజునాథ్ తమిళంలో మూలగడం, అలా కొంతసేపు నడిచింది. ఇంతలో ఆమె ఫోను మోగింది.

"అమా, నువ్వు తినేసెయ్. నాకోసం కాచుకోని ఉండొద్దు. నేను వచ్చి పెట్టుకుంటా" అంది ఆమె ఫోనులో.

కుర్చీలో వాలిన మంజునాథ్ లేచి కూర్చున్నాడు. "మేడం, మీరూ మనోళ్ళేనా?"

"మాది కడత్తూరు. పడుకోండి, పడుకోండి" అని ఆమె నవ్వింది. ఆ తర్వాత మాటలన్నీ తెలుగులోనే సాగాయి. సగం నొప్పి అప్పుడే పోయిందని మంజునాథ్ తర్వాత అందరికీ చెప్పేవాడు.

అద్దంలో పన్ను చూపించి ఆమె వివరంగా చెప్పింది. "పన్నంటే రాయి మాదిరి కనపడుతుంది గానీ లోపల మెత్తని కండ ఉంటుంది. రక్తం పారుతుంది, నరం ఉంటుంది. మీకు కనపడే ఈ ఎర్ర చుక్క ఆ కండే. పైకప్పు ఎగిరిపోయిన ఇల్లు మాదిరి ఉండాది ఇప్పుడు. గాలి తగిలినా నొప్పే."

"పీకల్నా?"

"పీకేది లేదు. మామూలుగా అయితే లోపలి కండంతా తీసేసి, ఆ చోటును మందుతో నింపేస్తాము. రూట్ కెనాల్ అంటారు. పన్ను నిలుస్తుంది, కానీ దానికి ప్రాణం ఉండదు. మీకు వయసు చిన్నది, దెబ్బ నిన్ననే తగిలింది, లోపలి కండ ఇంకా బాగుండాది. దాన్ని బతికించేదానికి ఇంకో దారి ఉంది. మా ప్రొఫెసర్ దగ్గర చదివేటప్పుడు కొందరికి చేసినాము."

"ఏం మందు మేడం?"

"మందు మీ దగ్గరే ఉండాది. మీ రక్తం."

మంజునాథ్ నంజప్ప వైపు చూశాడు. నంజప్ప తలుపు వైపు చూశాడు.

ఆమె ఓపికగా చెప్పింది. చెయ్యి తెగితే ఏమవుతుంది? రక్తం గడ్డకట్టి, ఆ గడ్డలోంచే పుండు మాన్పే సరుకు మెల్లగా ఊరుతుంది. చేతిలోంచి కొంచెం రక్తం తీసి, గడ్డకట్టక ముందే యంత్రంలో గిరగిరా తిప్పితే ఆ సరుకంతా ఒక తెల్లటి పొరగా విడిపోతుంది. ఆ పొర ముక్కను పన్ను గాయం మీద కప్పి, దానిపైన సిమెంటు వేస్తే, లోపలి కండ తనంతట తానే మానుకొని పైకప్పు కట్టుకునే అవకాశం ఉంది.

"ఖాయంగా నిలుస్తుందని చెప్పను. ఇది ఇంకా కొత్త పద్ధతి. నిలవకపోతే రూట్ కెనాల్ ఎట్లాగూ ఉండాది. ఆలోచించుకొని చెప్పండి. మీ పన్ను, మీ ఇష్టం" అంది ఆఖరున.

"రాగాలు ఊదే పన్ను మేడం, ప్రాణంతోనే ఉండనీండి" అన్నాడు మంజునాథ్.

నందిత ప్రొఫెసర్‌కు ఫోను చేసి మాట్లాడి, పక్క గదిలోని ల్యాబు రాజమాణిక్కాన్ని పిలిచింది. రాజమాణిక్కం యాభై దాటినవాడు. రక్తం తిప్పే తన యంత్రాన్ని రోజూ మెత్తటి గుడ్డతో తుడిచి, పూజ గదిలో బొమ్మలా చూసుకుంటాడు. పంటి కోసం దాన్ని వాడొచ్చని ఆయనకు ఆ రోజే తెలిసింది. సూది చూడగానే కళ్ళు గట్టిగా మూసుకున్న మంజునాథ్ చేతిలోంచి రక్తం తీసి, గాజు గొట్టంలో పోసి, పరుగున పోయి యంత్రంలో పెట్టి మీట నొక్కాడు. యంత్రం జుయ్‌మని అందుకుంది. అందరూ దాని చుట్టూ మూగారు.

జుయ్‌మనే మోత సన్నగిల్లింది. పైన ఫ్యాను కూడా నెమ్మదించింది. కరెంటు పోయింది.

ఆ ఏడు తమిళనాడంతా కరెంటు కోతలే. చెప్పిన వేళకు పోయేది కాక, చెప్పని వేళకూ పోయేది. రాజమాణిక్కం గొట్టం బయటికి తీసి చూస్తే రక్తం అంతా ఒకటే ముద్ద. పనికిరాదు. ఆయన తన యంత్రం తరఫున తానే తప్పుచేసినట్టు తల దించుకున్నాడు.

"మళ్ళా గుచ్చల్నా?" అన్నాడు మంజునాథ్ బలహీనంగా.

"గుచ్చేది పెద్ద పని కాదు. తిప్పేదెట్లా?" అంది నందిత.

అప్పుడు నంజప్ప చెవి రిక్కించాడు. ఊరంతా కరెంటు లేదు, పక్క కల్యాణమండపంలో మాత్రం పాటలు మోగుతున్నాయి. ఆ రోజు ముహూర్తం. జనరేటరు నడుస్తోంది. నంజప్ప మెట్లు దిగి, పెళ్ళి జనాన్ని తోసుకుంటూ మైకుసెట్టు బాలాజి దగ్గరికి పోయాడు.

"తమ్ముడూ, మా మేడకి ఒక వైరు ఇయ్యప్పా. పన్ను ఒకటి బతికించల్ల."

బాలాజికి ఆ మాట అర్థం కావడానికి రెండుసార్లు చెప్పించుకోవలసి వచ్చింది. అర్థమయ్యాక అతను పెళ్ళికూతురి తాతతో మాట్లాడాడు. తాత "ఎవరి పన్ను?" అన్నాడు. వెంకటలక్ష్మి బస్సు కండక్టరుదని తెలియగానే చుట్టుపక్కల వాళ్ళంతా లేచారు. వచ్చిన చుట్టాల్లో సగంమంది ఆ బస్సులోనే వచ్చారు మరి.

"అదేంది, నిన్నంతా మూతి ముడుచుకోని ఉండాడే, అందుకేనా!" అంది ఒకావిడ.

బాలాజి మైకు అందుకున్నాడు. "పెళ్ళికి వచ్చిన పెద్దలకు మనవి. పక్క మేడలో ఒక వైద్యం జరుగుతా ఉండాది. జనరేటరుకి బరువు ఎక్కువ కాకుండా కొంచెంసేపు మైకూ, సీరియల్ లైట్లూ ఆపుతా ఉండాము. కోపం చేసుకోవద్దు." ఆ మాట తమిళంలోనూ చెప్పి మీట ఆర్పేశాడు. పాట ఆగగానే నాదస్వరం వాళ్ళు మైకు లేకుండానే అందుకున్నారు. మండపం కిటికీలోంచి మేడ కిటికీలోకి వైరు విసిరారు. రెండో ప్రయత్నానికి రాజమాణిక్కం పట్టుకున్నాడు.

మళ్ళీ సూది. మళ్ళీ పరుగు. ఈసారి యంత్రం ఆగలేదు. అది తిరుగుతున్నంతసేపూ రాజమాణిక్కం దాని మూత మీద చెయ్యి ఆనించే ఉన్నాడు. తిరగడం ఆగాక గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి నందితకు చూపించాడు. అడుగున ఎర్రగా, పైన గడ్డిరంగు నీళ్ళు, రెంటి నడుమ లేత కొబ్బరిలా మెరిసే తెల్లటి గుజ్జు.

"ఇది నాదేనా?" అన్నాడు మంజునాథ్ నోరు తెరిచి. నోరు తెరవగానే గాలి తగిలి మళ్ళీ మూసుకున్నాడు.

వైరును కుర్చీ వైపు మార్చారు. నందిత చిగురుకు మత్తు సూది వేసి, పన్ను చుట్టూ రబ్బరు గుడ్డ బిగించి, గాయం పై అంచును రవ్వంత తీసి, కారే రక్తం ఆగేదాకా తడి దూదితో అదిమి పట్టింది. ఆ తెల్లటి గుజ్జును గుడ్డలో నొక్కి పలచటి పొరగా చేసి, ఆవగింజంత ముక్క కత్తిరించి, ఎర్ర చుక్క మీద పరిచింది. దాని మీద బూడిదరంగు సిమెంటు. దాని మీద తాత్కాలికంగా ఒక మూత. చేస్తున్నంతసేపూ ఆమె ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంది. కిటికీలోంచి నాదస్వరం ఉరుకులెత్తుతోంది. తాళి కట్టే వేళ అని అందరికీ తెలిసిపోయింది.

పని అయ్యాక తలుపు తీస్తే మెట్ల నిండా పట్టుచీరలు. చూడ్డానికి వచ్చినవాళ్ళని నందిత బతిమాలి కిందికి పంపింది. వాళ్ళు దిగిపోయి పాయసం పంపారు. మంజునాథ్‌కు పెదవి ఎక్కడుందో కూడా తెలియని మత్తు. అతని వంతు పాయసం నంజప్ప తాగాడు, రెండు సూదులు తనకే పడ్డంత నీరసంగా ముఖం పెట్టి.

తర్వాతి విడత పోయినప్పుడు నందిత పంటిరంగు పదార్థంతో విరిగిన సగాన్ని కట్టింది. కొన్నాళ్ళు దానితో కొరకొద్దనీ, ఈల మాట తలవొద్దనీ గట్టిగా చెప్పింది. ఆ రోజుల్లో మంజునాథ్ ఊళ్ళ పేర్లు నోటితోనే అరిచి చెప్పాడు. పెరియంపట్టి వస్తే మాత్రం తానే పోయి మాదేశన్ చెయ్యి పట్టుకొని దింపేవాడు. దారిలో ఆ నాలుగడుగులూ ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. ఏ ఆఫీసర్ కుర్చీ ఎక్కడ కుంగిందో, ఎందుకు కుంగిందో మాదేశన్ చెబుతుంటే మంజునాథ్ పంటి సంగతి మరిచి నవ్వేవాడు.

వానాకాలం మొదలయ్యాక పరీక్ష. నందిత మంచులా చల్లబరిచిన దూదిపుల్లను పన్నుకు తాకించింది. "ఏమన్నా తెలుస్తా ఉండాదా?"

"జిల్లుమనె."

"ఇంకా ఉండాదా?"

"లేదు. వచ్చె, పోయె."

"పోయిందా? నిజంగా పోయిందా?" ఆమె గొంతు పేషెంటు కంటే ఆత్రంగా ఉంది. చచ్చిన పంటికి చలి తెలియదు, జబ్బు పంటికి వచ్చిన చలి వదలదు. వచ్చి పోయిందంటే లోపల ప్రాణం కులాసాగా ఉన్నట్టే. ఆమె పక్క గది తలుపు తట్టి ఆ సంగతి రాజమాణిక్కానికి చెప్పింది. ఆయన వచ్చి ఆ పన్నును చూసి, తన మనవణ్ణి చూసినట్టు తల ఊపాడు.

ఇంకా కొన్ని నెలలకు తీసిన ఎక్స్‌రేలో సిమెంటు కింద సన్నటి తెల్లని గీత కనిపించింది. "ఇది నేను పెట్టింది కాదు. మీ పన్ను కట్టుకున్న గోడ" అంది నందిత, వేలితో చూపిస్తూ.

మంజునాథ్ చాలాసేపు దాన్ని చూశాడు. "మా నాయన కొట్టం గోడ ఒకటి కట్టేదానికి నాలుగేండ్లు తీసుకున్నాడు మేడం. ఇది ఎవరికీ చెప్పకుండా గమ్ముగా కట్టేసె."

"ఇంక ఈల వేసుకోండి."

అతను పెదవి ఆనించి ఊదాడు. ఉస్‌మని గాలి వచ్చింది, అంతే. మళ్ళీ ఊదాడు. ముసలి పాము బుస కొట్టినట్టుంది. అతని ముఖం వాడిపోయింది. నందిత ఒక్కక్షణం ఆలోచించి, "కట్టిన అంచు మందంగా ఉండాదేమో. ఊదుతా ఉండండి, నేను సరిచేస్తా" అంది. వెంట్రుకవాసి అరగదీసింది. ఊదమంది. కీచుమంది. ఇంకొంచెం నునుపు చేసింది. ఊదమంది. వీణ తీగ బిగించేవాళ్ళలా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ పని చేశారు. బయట వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఈ వైద్యమేమిటో అర్థంకాక తలుపు సందులోంచి తొంగిచూశారు. చివరికి ఒక ఊపులో పెరియంపట్టి కూత పూర్తిగా, పైకి లేచి విరిగి, గదంతా నిండింది. రాజమాణిక్కం ల్యాబులో ఏదో కింద పడేసిన చప్పుడైంది.

ఆ సాయంత్రం బస్సులో మంజునాథ్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పెరియంపట్టి మలుపు దగ్గర కమ్మీకి ఆనుకొని నిలబడి కూత కూశాడు. మాదేశన్ సీట్లోంచి లేవలేదు. కర్ర మీద గడ్డం ఆనించి, "ఇంకొకసారి" అన్నాడు. మంజునాథ్ ఇంకోసారి కూశాడు. అప్పుడు లేచాడు మాదేశన్, నోరంతా నవ్వుతో. బస్సంతా చప్పట్లు. నంజప్ప కూడా స్టీరింగు వదిలి చప్పట్లు కొట్టబోతే ముందు సీటు ముసలమ్మ అరిచి ఆపింది.

మరుసటి ఏడాది సేలంలో పళ్ళ డాక్టర్ల సభ జరిగింది. నందిత తను చేసిన వైద్యం గురించి అక్కడ మాట్లాడవలసి ఉంది. వీలైతే రమ్మని మంజునాథ్‌ను అడిగింది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకొని, తల్లిని కూడా వెంటబెట్టుకొని పోయాడు. సరసమ్మ అంత చల్లటి హాలు ఎప్పుడూ చూడలేదు. కొంగు భుజాల నిండా కప్పుకొని వెనక వరసలో కూర్చుంది. తెర మీద కొడుకు పన్ను తలుపంత పెద్దదిగా కనిపించేసరికి "అయ్యో శివనే" అంది.

నందిత ఇంగ్లీషులో మాట్లాడింది. ఒక్క పంటిని చూసి అందరికీ ఇలాగే అవుతుందని అనుకోకూడదనీ, ఇంకా చాలామందికి చేసి చాలా ఏళ్ళు చూడాలనీ కూడా చెప్పింది. ముగించాక ఒక పెద్దాయన లేచి తమిళంలో మంజునాథ్‌నే అడిగాడు. "చల్లనిది తగిలితే ఎలా ఉంటుందప్పా?"

"సార్, నేను చెప్తే నమ్మరు. చల్లనిది ఇప్పించండి."

హాలు నవ్వింది. భోజనాల గది నుంచి ఎవరో ఐస్‌క్రీము కప్పు తెచ్చిచ్చారు. మంజునాథ్ చెంచా పక్కన పెట్టి, కప్పు పైకెత్తి, ముందుపళ్ళతోనే ఒక ముక్క కొరికాడు. అన్ని కళ్ళూ అతని మూతి మీదే ఉన్నాయి. అతను నిదానంగా చప్పరించి మింగాడు.

"ఎట్లుండాది?" అన్నాడు పెద్దాయన.

"రొంబ బాగుంది సార్. మామిడిపండు ఐసు."

"నొప్పి సంగతి అడిగినానప్పా!"

"అది లేదు సార్. ఉంటే రెండోది అడుగుతానా?"

"మెల్లిగా తినరా, గొంతు పట్టుకుంటాది!" అని వెనక వరసలోంచి సరసమ్మ అరిచింది. తెలుగు రానివాళ్ళకు కూడా ఆ మాట అర్థమైంది. నందిత వేదిక మీద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వాపుకోలేక వెనక్కి తిరిగింది.

రెండో కప్పు వచ్చింది. మంజునాథ్ దాన్ని తీసుకొని వెనక వరసకు నడిచిపోయి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె ముందు వద్దంది, తర్వాత కొంగుతో కప్పు పట్టుకొని ఒక చెంచా నోట్లో పెట్టుకొంది. తెర మీద అప్పటికి ఇంకెవరిదో పన్ను వచ్చింది. ఇద్దరూ కప్పు ఖాళీ చేస్తూ, ఆ పన్ను ఎవరిదో, వాళ్ళది ఏ ఊరో అని గుసగుసలాడుకుంటూ కూర్చున్నారు.